పద్యం తరవాతి మాట

కుర్రాడి గొంతు ఎలాంటిదో పందిట్లో కూర్చున్న ఎవరైనా చెబుతారు. పద్యం ఎత్తుకోగానే తెలిసిపోతుంది. వాడు నటుడవుతాడా కాదా అన్నది మాత్రం రాగం ఆగి, చప్పట్లు సద్దుమణిగాక వాడు పలికే మొదటి మాటలో తెలుస్తుంది. పద్యనాటకాలకు హార్మోనియం వాయించినన్నాళ్ళూ నేను చెవి ఒగ్గింది ఆ మాట కోసమే.

హార్మోనిస్టుకి నాటకం పక్కనుంచి కనబడుతుంది. జనం కిరీటాన్నీ కళ్ళనీ చూస్తుంటే మేము మెడ నరాన్నీ, ఊపిరికి లేచే పక్కటెముకల్నీ, ఉత్తరీయం అంచుని మెలిపెడుతున్న వేళ్ళనీ చూస్తాం. కొత్తవాడు ఆ అంచుని నాటకం అయ్యేదాకా వదలడు. డ్రెస్ కంపెనీ వాళ్ళు గొణుక్కునేది అందుకే.

ఈ రంగంలోకి వచ్చే దారులు ఎన్నో లేవు. సురభి వాళ్ళది వేరే లెక్క. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచక వధ’తో మొదలైన ఆ కుటుంబాల్లో పిల్లలు ఊహ తెలియకముందే ఏ చిన్ని కృష్ణుడిగానో స్టేజీ ఎక్కేస్తారు. కాస్త ఎదిగితే ప్రహ్లాదుడు, ఆ తరవాత లవకుశులు. తొలివేషం ఎప్పుడు వేశావంటే వాళ్ళు చెప్పలేరు, వాళ్ళమ్మని అడగాలి.

మిగతావాళ్ళు ఊళ్ళో నాటకం నేర్పే హార్మోనిస్టు దగ్గర చేరతారు. పొలం నుంచో షాపు నుంచో వచ్చి, మొహం కడుక్కుని, పోర్షను రాసుకున్న నోటుబుక్కుతో రామాలయం అరుగు మీద కూర్చుంటారు. ఇక్కడ డబ్బు రావడం తరవాతి సంగతి, ముందు చేతిది వదులుతుంది. నేర్పినందుకు, డ్రెస్సులకి, మేకప్‌కి, మైకుకి తలా ఇంత వేసుకోవాలి. కృష్ణుడు వేసేవాడు ఎక్కువ ఇచ్చుకోవాలి, నకులుడికి కొంచెంతో సరిపోతుంది. చాలా ఊళ్ళలో కృష్ణుడికంటే నకులుడి గొంతు బాగుండటానికి కారణం ఇదే అనుకుంటాను.

ఇంకో దారి, ఎవరో రాకపోవడం. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషధారి రాలేదు. ఆ కొరత తీర్చడానికి వేషం కట్టిన కుర్రాడే స్థానం నరసింహారావు. తరవాత తెనాలి శ్రీరామ విలాస సభలో సత్యభామగా ఆంధ్రదేశాన్నంతా తన వైపు తిప్పుకున్నారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ కథ కొత్తవాళ్ళకి చెప్పని గురువు ఉండడు. విన్న కుర్రాళ్ళు అందులో అదృష్టాన్నే చూస్తారు. గురువు చెప్పదలుచుకున్నది మాత్రం వేరు: నీ పోర్షనుతో పాటు పక్కవాడిది కూడా నోటికి పట్టు, ఏ రాత్రి ఎవడి బస్సు తప్పుతుందో తెలియదు.

తొలి చదువు రాగం కాదు, ఊపిరి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకి 21. పాదం చివర ఆగితే గొంతుకి సుఖమే. కానీ మన కవులు మాటని పాదం చివర ముగించరు. సగం ఈ పాదంలో, మిగతా సగం తరవాతి పాదంలో పడుతుంది. గొంతు అడిగిన చోట కాకుండా అర్థం విరిగిన చోట ఊపిరి తీసుకోవాలి. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’ చెప్పేటప్పుడు ముందు పద్యాన్ని పాడనివ్వకుండా, వచనంలా చదివించి, పెన్సిలుతో ఊపిరి గీతలు గీయించేవాణ్ణి. కుర్రాళ్ళకి ఇది మహా విసుగు. వాళ్ళు వచ్చింది మోహన కోసం, కల్యాణి కోసం.

పైగా వాళ్ళు ఉట్టి చేతులతో రారు. పీసపాటి నరసింహమూర్తి గారి రికార్డో షణ్ముఖి ఆంజనేయరాజు గారి రికార్డో ముందే విని, ఆ వరస మొత్తం దింపుకుని వస్తారు. ఆ పెద్దాయన ఆ రాత్రి ఎక్కడ దగ్గారో అక్కడే వీడూ దగ్గుతాడు. నేను దీన్ని తప్పుపట్టను. ముందు వరసలో కూర్చున్న ముసలాయనకి ఆ పద్యం యాభై ఏళ్ళుగా తెలుసు, పెదవులు వీడికంటే ముందే కదులుతుంటాయి. తెలిసిన వరసలో మొదలుపెట్టకపోతే ఆయన వీడిని లోపలికే రానివ్వడు. తొలి నాలుగైదేళ్ళు అనుకరణలో గడిచిపోతే పోనీ. చిక్కల్లా ఒకటే: రికార్డు నుంచి పద్యం నేర్చుకోవచ్చు, రాగం నేర్చుకోవచ్చు. పద్యం నుంచి మాటలోకి ఎలా దిగాలో అక్కడ దొరకదు. చాలా రికార్డుల్లో పద్యం అవగానే ఇంకో పద్యం వస్తుంది.

ఆ దిగడం ఎంత కష్టమో చెప్పాలి. రాగం తీసేటప్పుడు కడుపులోంచి వచ్చే ఊపిరంతా గొంతులో నిలబడి ఉంటుంది. నాలుగు శ్రుతిలో పై షడ్జం అందుకుని, కిందికి వచ్చి ఆపుతాడు. అప్పుడు రెండు రకాల ప్రమాదాలు. కొందరు ఆ ఊపులోనే అరుస్తూ మాట మొదలుపెడతారు, ధర్మరాజు కూడా దుర్యోధనుడిలా వినిపిస్తాడు. ఇంకొందరు ఒక్కసారిగా చల్లబడిపోతారు. ఇప్పటిదాకా పాడినవాడు వెళ్ళిపోయి, ఆ డ్రెస్సులో ఇంకెవరో వచ్చి పాఠం అప్పజెబుతున్నట్టుంటుంది. అనుభవం ఉన్న నటుడు రాగాన్ని ఏ స్వరం మీద వదిలాడో దాదాపు అక్కడే మొదటి మాట పలుకుతాడు. వాక్యం చివరికి వచ్చేసరికి మామూలు గొంతులోకి దిగిపోతాడు. మెట్టు ఎక్కడుందో జనానికి తెలియదు. మేము కూడా వెంటనే చేతులు తియ్యం. షడ్జం మీద వేలు అలాగే ఉంచి, తిత్తి నెమ్మదిగా వదిలేస్తాం. కుర్రాడు ఆ నాదాన్ని పట్టుకుని దిగుతాడు. నటుడూ హార్మోనిస్టూ ఏళ్ళ తరబడి కలిసి తిరిగితే తప్ప ఇది కుదరదు. కాంట్రాక్టు నాటకాల్లో ఆ వీలే తక్కువ, ఏ రాత్రికి ఆ రాత్రి కొత్త ముఖాలు.

కాంట్రాక్టు నాటకం అంటే తెలియనివాళ్ళకి ఒక మాట. శివరాత్రి, శ్రీరామనవమి, ఊరి జాతర రోజుల్లో పేరున్న నటుల్ని సీనుకొకరు చొప్పున కుదిర్చి ఆడించేది. ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు, ఇద్దరు హరిశ్చంద్రులు. మొదటి సీను కుర్రాడికి. అప్పటికి జనం అన్నాలు తింటూ ఉంటారు, మైకువాడు ఇంకా ‘హలో హలో’ అంటూనే ఉంటాడు. బలిజేపల్లి వారి హరిశ్చంద్రలో కాటి సీను పెద్దవాళ్ళ సొత్తు. జాషువా గారి శ్మశానవాటి పద్యాలు కూడా అందులో చేర్చి పాడతారు కనక జనం దాని కోసమే కునికిపాట్లు పడుతూ కూర్చుంటారు. పెద్దాయన ఎప్పుడైనా పక్క ఊళ్ళో రెండో నాటకానికి కారెక్కేస్తే ఆ సీను కుర్రాడి నెత్తిన పడుతుంది. తెల్లవారుజామున గొంతు బిగిసిపోయి, దవడన కరక్కాయ ముక్క పెట్టుకుని, నిద్రపోతున్న జనాన్ని లేపాలి. దానికి మించిన పరీక్ష నాకు తెలీదు.

హరిశ్చంద్రులు మారుతున్నా చాలా రాత్రులు చంద్రమతి ఒక్కతే. ఒక్కొక్కరి శ్రుతికీ సర్దుకుంటూ, ఒక్కొక్కరి ఎత్తుగడకీ తగ్గ మాట అందిస్తూ తెల్లారేదాకా నెగ్గుకొస్తుంది. ఆ అమ్మాయికి బట్టలు మార్చుకోవడానికి చాలాచోట్ల ఓ చీర అడ్డం కట్టిన మూల తప్ప గది ఉండదు. పోస్టరులో ఫోటో మాత్రం హరిశ్చంద్రులదే పెద్దది. నన్నడిగితే, కొత్త కుర్రాళ్ళు మాటలోకి దిగడం నేర్చుకోవలసింది ఆ చంద్రమతి దగ్గర.

ఇక చదివింపులు. ఒక రాత్రి పడక సీను ఆడుతున్నారు. కృష్ణుడు మంచం మీద ఉన్నాడు, తల దగ్గర దుర్యోధనుడు, కాళ్ళ దగ్గర అర్జునుడు. అర్జునుడు పగలు మొబైల్ షాపులో పనిచేసే కుర్రాడు, మంచి గొంతు. పద్యం అయ్యేసరికి పందిరి లేచిపోయింది, వన్స్‌మోర్ అన్నారు. రెండోసారీ పాడాడు. ఇంతలో మైకులో ఫలానావారి అబ్బాయి వంద రూపాయలు, ఫలానా యూత్ వారు రెండొందలు అంటూ మొదలైంది. ఒకాయన స్టేజీ ఎక్కి నోటు గుండెకి పిన్ను పెట్టాడు. కుర్రాడు గాండీవం సంగతి మరిచిపోయి జనానికి వంగి వంగి దండాలు పెడుతున్నాడు. మంచం మీద కృష్ణుడు, చాలా పెద్దాయన, పెదవి కదపకుండా అన్నాడు: “ఒరేయ్ అబ్బాయ్, ఇటు చూడరా. నీ బావని నేను, వాళ్ళు కాదు.” మైకుకి అందలేదు కానీ నాకు అందింది. కుర్రాడు అటు తిరిగాడు. నోట్లు వేలాడుతున్న గుండెతోనే “బావా” అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే మళ్ళీ పందిరి సద్దుమణిగింది. పద్యం ముగిసి అప్పటికి చాలాసేపయింది, చెవిలో ఏ షడ్జమూ లేదు. అయినా సరిగ్గా దిగాడు.

వన్స్‌మోర్లనీ చదివింపులనీ తిట్టేవాళ్ళున్నారు. బళ్ళారి రాఘవ గారి కాలం నుంచీ సహజంగా నటించండయ్యా అన్న మాట వినబడుతూనే ఉంది, ఆ మాట నిజమే కూడా. కానీ పల్లెలో కుర్రాడికి ఆ వంద నోటు బస్సు చార్జీ. పరిషత్తు నాటకాల్లో నిశ్శబ్దంగా చూస్తారు, జడ్జీలు మార్కులు వేస్తారు, టైము దాటితే గంట కొడతారు. అక్కడ క్రమశిక్షణ వస్తుంది, జాతరలో గుండె వస్తుంది. రెండూ తిరిగినవాడు బాగుపడటం చూశాను.

ఇప్పుడు కాంట్రాక్టర్లు కుర్రాళ్ళని ఫోనులో చూసే కుదుర్చుకుంటున్నారు. ఈమధ్య ఒక అబ్బాయి నాకూ ఓ రీలు పంపాడు. ఎత్తుగడ బాగుంది, పై షడ్జం నిలిచింది, ఊపిరి కూడా అర్థం విరిగిన చోటే తీసుకున్నాడు. రాగం ఆగగానే వీడియో ఆగిపోయింది. ఆ తరవాత మాట్లాడింది కూడా పంపు బాబూ అన్నాను.

“అది తియ్యలేదండి గురువుగారూ,” అన్నాడు. “అక్కడ ఎవరూ చూడరు కదండీ.”