ఓడ ఎక్కకముందే చల్లబడాలి

శ్రీసిటీ దాటి తడ దగ్గర హైవే ఎక్కితే చెన్నై రేవు వైపు పోయే కంటైనర్లు వరసగా కనిపిస్తాయి. ముందు గోడకు చల్లబరిచే యంత్రం బిగించి ఉంటే అది రీఫర్. దాన్ని చూసినప్పుడల్లా నాకు మా బేనీషా మామిడికాయలు గుర్తొస్తాయి.

ఒక ఎండాకాలం ఓ ప్యాక్‌హౌస్‌లో చూశాను. మిట్టమధ్యాహ్నం కోసిన కాయలు చేత్తో పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అట్టపెట్టెల్లో సర్ది అలాగే కంటైనరులోకి ఎక్కిస్తున్నారు. అడిగితే, "లోపల ఏసీ ఉండాది గదన్నా, అవే సల్లబడతాయి" అన్నాడు మేస్త్రీ.

చల్లబడవు. రీఫర్ ఉన్న చల్లదనాన్ని కాపాడే పెట్టె, అంతే. నేల గాడుల్లోంచి వచ్చే గాలి పెట్టెల సందుల్లో పైకి లేచి మళ్ళీ యంత్రానికి చేరాలి. లోపలి గోడ మీద ఎర్రగీత గీసి ఉండేది అందుకే. దాన్ని దాటి పేరిస్తే గాలి తిరగదు. కోసిన కాయ కూడా ఊపిరి తీసుకుంటుంది, ఆ ఊపిరితో వేడి పుడుతుంది. ఒళ్ళు ఎంత వెచ్చగా ఉంటే ఊపిరి అంత జోరు. ముందుగా మాగిన ఒక్క కాయ విడిచే ఇథిలీన్ వాయువు చాలు, పక్క కాయలూ మాగడం మొదలుపెడతాయి.

భయపడి మరీ చల్లబెట్టినా చేటే. అరటిని 13 డిగ్రీల కిందికి దించితే తొక్క నల్లబారుతుంది. పచ్చి మామిడికీ ఇంచుమించు అదే హద్దు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటి రైలు కదిలింది కూడా రీఫర్ కంటైనర్లతోనే. తాడిపత్రి చేయగలిగింది మనకెందుకు చేతకాదు?

శ్రీసిటీలో డైకిన్ 2023 నుంచి ఏసీలు తయారుచేస్తోంది. ఓడల మీద తిరిగే రీఫర్ యంత్రాలూ చేసే జపాన్ కంపెనీ అది. చల్లదనం పుట్టే చోటు మన జిల్లాలోనే ఉంది. పుత్తూరు తోటల్లోనూ దామలచెరువు మండీలోనూ మాత్రం కాయకు దొరికేది చెట్టు నీడ, తడిగోనె.

రైతన్నలారా, తెల్లవారుజామునే తొడిమతో కోయండి. సొన కారనిచ్చి, కడిగి, నీడకు చేర్చండి. అధికారులకు నా విన్నపం ఒక్కటే: తోటల నడుమ, కంటైనరు ఎక్కకముందే కాయను చల్లబరిచే ప్రీకూలింగ్ గది మండలానికొకటి కట్టించండి.