కూలీని ఎట్ల కొంటరు?

మా ఇంటి బ్లౌజులకు మగ్గం వర్క్ చేసే శాలిబండ అమ్మాయి ఈ వారం ఒక ఫారం తెచ్చి చదివి పెట్టమంది. పాతబస్తీలో వడ్డీలేని అప్పులిచ్చే సంఘం ఫారం అది. వడ్డీ లేదు, సర్వీసు చార్జీ కొద్దిగా, తాకట్టు బంగారం. నాకు ఒళ్ళు మండింది. ఉన్నవాళ్ళకే అప్పు పుడుతుందని నేను ఎప్పుడూ సణుగుతూనే ఉంటాను. ధర్మం పేరున పెట్టిన సంఘం కూడా నగలు తూచే అప్పిస్తే తాకట్టు దుకాణానికీ దానికీ తేడా ఏముంది?

"డ్వాక్రాలో చేరొచ్చుగా, సున్నా వడ్డీయేగా?" అన్నాను. "ఆ వడ్డీ గవర్నమెంటు కడుతది అక్కా. ఎవరు కట్టినా కట్టుడే గదా" అంది.

ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం కదా, మనకు ఇస్లామిక్ బ్యాంకు లేకపోవడమే అసలు లోటని రాయడానికి కూర్చున్నాను. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీలేని బ్యాంకింగ్‌ను సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను పక్కన పెట్టేసింది. పైగా 1949 నాటి బ్యాంకింగ్ నియంత్రణ చట్టం ప్రకారం బ్యాంకు సరుకు కొని అమ్మే వ్యాపారం చేయకూడదు. ఇస్లామిక్ బ్యాంకులు ఎక్కువగా చేసే పనేమో అదే. మురాబహా అంటారు. మనకు కుట్టు మిషన్ కావాలంటే బ్యాంకే కొని, తన లాభం ఎంతో ముందే చెప్పి, వాయిదాల మీద మనకు అమ్ముతుంది. బంగ్లాదేశ్‌లో ఇస్లామీ బ్యాంకు 1995 నుంచి పల్లెల్లో ఇలాంటి అరువు అమ్మకాలతో చిన్న వ్యాపారాలకు ఊతమిస్తోంది. అయిదుగురు ఒక జట్టు. సభ్యుల్లో అత్యధికులు ఆడవాళ్ళు. నగల ఊసే లేదు.

ఇదంతా ఆమెకు ఉత్సాహంగా చెప్పాను. ఓపిగ్గా విని, "మగ్గం ఉంది, మిషన్ ఉంది అక్కా. శనివారం కారీగర్లకు కూలీ ఇయ్యాలె. కూలీని ఎట్ల కొంటరు?" అంది.

ఆమె లెక్క ఇదీ. జర్దోసీ తీగ, పూసలు, కుందన్లు కొట్టువాళ్ళు అరువిస్తారు. బ్లౌజు పూర్తయినా బోటిక్ వాళ్ళు పెళ్ళివారు డబ్బు కట్టాకే బిల్లు చెల్లిస్తారు. మూఢం వచ్చిందంటే ఆ చెల్లింపు ఇంకా వెనక్కి పోతుంది. కారీగర్ల ఇంట్లో పొయ్యి మూఢం చూసి ఆగదు కదా. ఆమెకు కావలసింది ఆ మధ్యలో కూలీకి చేతిలో నగదు. మురాబహాకు సరుకు కనబడాలి. లాభనష్టాల్లో వాటా పెట్టే ముషారకా ఉంది గానీ, దానికి బ్యాంకు వాళ్ళు వ్యాపారం ఖాతాలు చూడాలి. ఈమె ఖాతా అంతా వెనక అట్ట మీద చేతుల కొలతలు రాసిన నోటు పుస్తకమే.

"మరి బంగారం?" అన్నాను.

"అది నాది" అంది. పెళ్ళిలో భర్త మెహర్ కింద ఇచ్చిన గొలుసు, అమ్మ పెట్టిన గాజులు. షరియత్ ప్రకారం మెహర్ భార్య సొంతం, భర్తకు అందులో హక్కు లేదు. అంతకుముందు ఒక బ్యాంకుకు వెళితే భర్త సంతకం, ఇంటి కాగితాలు అడిగారట. ఇల్లు అత్తగారి పేరున ఉంది. సంఘం ఆ రెండూ అడగలేదు, డబ్బు దేనికనీ అడగలేదు. మక్కాలో హజ్రత్ ఖదీజా తన పెట్టుబడితో, ఇంకా ప్రవక్త కాని ముహమ్మద్ గారిని వర్తకానికి పంపిన సంగతి కూడా ఆమే గుర్తుచేసింది. "పెట్టుబడి ఆమెది. సంతకం ఎవరినడిగింది?"

నగల మీద అప్పే ఈమెకు మేలని ఒప్పుకోక తప్పలేదు. కానీ ఆమె దగ్గర పూసలు కుట్టే పిల్లకు గొలుసు లేదు, సొంత మగ్గమూ లేదు. ఆ పిల్లకు బంగ్లాదేశ్ జట్టు పద్ధతే కావాలి. రేపు మనకు లైసెన్సులొచ్చి బ్యాంకులు తెరిచినా, వడ్డీ లేదన్న బోర్డు చూసి ఇద్దరూ లోపలికి వెళతారు. అక్కడ ఎవరి సంతకం అడుగుతారు, డబ్బిస్తారా సరుకిస్తారా అన్నదాన్ని బట్టే కూర్చుంటారో, లేచి వచ్చేస్తారో తేలుతుంది.