గూళ్లకు కాపలా

అండమాన్‌లో హవాబిల్ అని పిలిచే చిన్న స్విఫ్ట్‌లెట్ పిట్ట ఉమ్మితోనే గూడు కడుతుంది. పుల్ల లేదు, పీచు లేదు. గుహ గోడకు తడి పోగు మీద పోగు అతికిస్తూ వారాల తరబడి కడితే తెల్లటి చిన్న దొన్నె తయారవుతుంది. అందులో రెండే గుడ్లు. కటిక చీకట్లో ఈ పిట్ట టకటకమని చప్పుడు చేసి, దాని ప్రతిధ్వనిని బట్టి దారి వెతుక్కుంటుంది. ఈ ఉపజాతి అండమాన్ నికోబార్ దీవుల్లో తప్ప మరెక్కడా లేదు.

చైనా సూప్ కోసం ఆ గూళ్లకు పలికే ధరే ఆ పిట్ట ప్రాణం మీదికి తెచ్చింది. గుడ్లున్నా, పిల్లలున్నా తెంపేసేవారు. కోయంబత్తూరు సలీం అలీ కేంద్రం శాస్త్రవేత్త రవి శంకరన్, అటవీ శాఖ కలిసి గూళ్లు కోసే చేతులకే కాపలా అప్పగించారు. ఎంత మంచి ఆలోచన! ఏ పగుల్లో గూడుంటుందో, తడిసిన రాయి మీద కాలు ఎక్కడ నిలుస్తుందో వాళ్లకంటే ఎవరికి తెలుసు? దిగ్లీపూర్ దగ్గరి చాలీస్ ఏక్ గుహల వద్ద, గుడ్లు పెట్టే కాలమంతా అడవిలోనే మకాం వేసి, గూళ్లు లెక్కపెడుతూ రాత్రింబవళ్లు కాస్తారు. ఈ పనితనానికి దక్కాల్సినంత గౌరవం ఇంకా దక్కలేదు. పిల్లలు ఎగిరిపోయాకే గూడు మీద చెయ్యి వెయ్యాలన్నది వాళ్లు పట్టుకున్న నియమం.