పాలు మాన్పించిన తర్వాత

బిడ్డకు పాలు మాన్పించిన తొలి వారాల్లో తల్లి రొమ్ములు చిక్కిపోయినట్టు, పైభాగం ఖాళీ అయినట్టు, కిందికి జారినట్టు కనిపిస్తాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లోనూ, మరెక్కడైనా సరే, ఈ దిగులును తల్లులు నలుగురిలో చెప్పుకోరు. ఆసుపత్రిలో అడగడానికీ మొహమాటపడతారు. ఆ మౌనంలోంచి ఒక నమ్మకం పుట్టింది: పాలిస్తే రొమ్ములు జారిపోతాయని. ఈ నమ్మకానికి మూల్యం చెల్లించేది పసిబిడ్డ. అందుకే ఈ మార్పు ఎందుకు వస్తుందో, ఎంతవరకు సరిచేసుకోవచ్చో స్పష్టంగా తెలిసి ఉండాలి.

రొమ్ములో ఆకారాన్ని నిలబెట్టే కండరం లేదు. పాలగ్రంథులు, పాలనాళాలు, వాటి చుట్టూ కొవ్వు, అన్నింటినీ పట్టి ఉంచే నార పోగులు, పైన చర్మం ఉంటాయి. ఇదంతా ఛాతీ కండరం మీద ఆని ఉంటుంది. ఆ నార పోగులను ఇంగ్లండ్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1840లో వర్ణించాడు. అందుకే వాటిని కూపర్ బంధాలు అంటారు. అవి ప్రధానంగా కొలాజెన్ అనే ప్రొటీన్‌తో తయారైనవి. పట్టుపోగు కూడా ప్రొటీనే. ధర్మవరం మగ్గం మీద పడుగు సడలితే నేతగాడు మళ్లీ బిగించుకుంటాడు. శరీరంలోని ఈ పోగులకు ఆ వీలు లేదు. బాగా సాగిన తర్వాత అవి పూర్తిగా మునుపటి పొడవుకు రావు. సంరక్షణ ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఈ ఒక్క విషయమే నిర్ణయిస్తుంది.

సాగడం మొదలయ్యేది పాలిచ్చేటప్పుడు కాదు, కడుపుతో ఉన్నప్పుడే. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్, ప్రొలాక్టిన్ హార్మోన్ల వల్ల తొలి నెలల నుంచే గ్రంథులు పెరుగుతాయి, రక్తప్రసరణ హెచ్చుతుంది, చర్మం సాగుతుంది. కాన్పు అయ్యాక తల్లి ఒక్కరోజు కూడా పాలివ్వకపోయినా ఈ మార్పు జరిగిపోయినట్టే. పాలిచ్చే తల్లిలో తొలి ఆరు నెలలు రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు తయారవుతాయి. పాలు మాన్పించాక ఆ పని చేసిన కణాలు తమంతట తామే నశిస్తాయి. గ్రంథులు కుదించుకుపోయి వాటి చోటును కొవ్వు నింపుతుంది. గ్రంథులు వారాల్లోనే తగ్గుతాయి, కొవ్వు మాత్రం నెలల మీద చేరుతుంది. ఈ ఎడంలోనే రొమ్ము ఖాళీ సంచిలా కనిపించి తల్లిని కలవరపెడుతుంది. మూడు నుంచి ఆరు నెలలకు ఆకారం చాలావరకు కుదురుకుంటుంది. అంతకుముందే తీర్పు చెప్పుకోవడం తొందరపాటు. ఒక రొమ్ము రెండోదానికంటే కొంచెం పెద్దదిగా ఉండటం, నొక్కితే కొన్ని నెలలపాటు పాల చుక్క రావడం మామూలే.

జారడానికి అసలు కారణాలేమిటో అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్లాస్టిక్ సర్జన్ బ్రయన్ రింకర్ బృందం పరిశీలించి 2008లో ప్రచురించింది. కాన్పులైన 93 మంది స్త్రీల వివరాలను చూస్తే, పాలిచ్చిన వారికీ ఇవ్వని వారికీ ఈ విషయంలో తేడా కనిపించలేదు. వయసు, శరీర బరువు, ఎన్నిసార్లు గర్భం దాల్చారన్నది, గర్భానికి ముందు రొమ్ముల పరిమాణం, పొగతాగే అలవాటు: తేడా తెచ్చినవి ఇవి. అంటే జారడం భయంతో బిడ్డకు పాలు తగ్గించినా తల్లికి దక్కేది ఏమీ లేదు. పోయేది మాత్రం చాలా ఉంది. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి చూసి 2002లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ తల్లికి రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది. ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత ఇతర ఆహారంతోపాటు రెండేళ్లు లేదా అంతకుమించి తల్లిపాలు ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

సంరక్షణ పాలిచ్చే రోజుల్లోనే మొదలవ్వాలి. పాలు గట్టిపడి రొమ్ము రాయిలా అయ్యేదాకా ఆగకుండా, బిడ్డ అడిగినప్పుడల్లా రెండు వైపులా పట్టాలి. ఎప్పుడూ ఒకే వైపు పట్టే తల్లులకు రెండింటి మధ్య తేడా పెరుగుతుంది. బిడ్డ మీదికి వంగకుండా, వీపుకు గోడ ఆనించి, ఒడిలో దిండు పెట్టుకుని బిడ్డనే రొమ్ము దాకా ఎత్తుకుంటే మెడ, భుజాలు లాగవు. ముందువైపు ముడి వేసుకునే పాతకాలపు రైకకు ఒక సుగుణం ఉండేది: పాలు నిండినప్పుడు వదులుగా, తగ్గినప్పుడు బిగువుగా కట్టుకోవచ్చు. ఇప్పటి బ్రాకూ అదే సూత్రం వర్తిస్తుంది. బరువును మోయాల్సింది భుజాల మీది పట్టీలు కాదు, ఛాతీ చుట్టూ ఉండే పట్టీ. దాని కింద రెండు వేళ్లు దూరేంత వదులు ఉంటే చాలు. ఒరుసుకునే తీగలు, మరీ బిగువైన గుడ్డ పాలనాళాలను నొక్కి గడ్డలు కట్టిస్తాయి. గర్భిణిగా ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు, మాన్పించిన కొన్ని నెలలకు కొలత మారుతుంది కాబట్టి మూడుసార్లూ కొత్తగా కొలుచుకోవాలి. బ్రా వేసుకున్నంతసేపే ఆకారాన్నిస్తుంది. తీసేశాక నిలిచే బిగువును అది తయారుచేయదు. అయినా బరువు లాగకుండా, నొప్పి లేకుండా పని చేసుకోవడానికి అది అవసరం.

పాలు మాన్పించే తీరు అన్నింటికంటే ముఖ్యం. చనుమొనకు వేపాకు రసం రాసి ఒక్కరోజులో మాన్పించడం ఊళ్లలో పాత పద్ధతి. బిడ్డ ఏడ్చి ఊరుకుంటుంది గానీ తల్లి రొమ్ము ఊరుకోదు. నిండిన పాలకు దారి లేక వాపు, నొప్పి, కొన్నిసార్లు జ్వరంతో కూడిన ఇన్‌ఫెక్షన్ వస్తాయి. ఛాతీకి గుడ్డ బిగించి కట్టడం దీన్ని ఇంకా ముదురుస్తుంది. మూడు నాలుగు రోజులకొక పూట చొప్పున పాలు తగ్గించుకుంటూ పోవాలి. మధ్యాహ్నం పూట ముందు, రాత్రి పూట చివర మాన్పించడం చాలామందికి సులువు. నిండుగా అనిపిస్తే ఉపశమనానికి సరిపడా కొద్దిగా పిండి, చల్లటి తడిగుడ్డ వేసుకోవాలి. దక్షిణాదిలో పాలు తగ్గడానికి రొమ్ములకు మల్లెపూలు కట్టే ఆచారం ఉంది. వేలూరు వైద్యులు దీన్ని పరీక్షించి 1988లో ఫలితాలు ప్రచురించారు. అప్పట్లో పాలు ఆపడానికి వాడే బ్రోమోక్రిప్టిన్ మందుతో పోల్చి చూస్తే, పూలు కట్టిన తల్లుల్లోనూ ప్రొలాక్టిన్ తగ్గింది. అన్ని ఆచారాలూ పొరపాటు కావనడానికి ఇదొక ఉదాహరణ. నిదానంగా మాన్పిస్తే గ్రంథులు కుదించుకునే వేగమూ నిదానిస్తుంది, చర్మం సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

ఆ వ్యవధి ఉద్యోగం చేసే తల్లికి సులువుగా దొరకదు. ధర్మవరంలో ఇంట్లోనే కండెలు చుట్టే తల్లి పక్కనే ఉయ్యాల ఉంటుంది, బిడ్డ ఏడిస్తే పాలు పట్టవచ్చు. హిందూపురం చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీ బస్సెక్కే తల్లి పొద్దున వెళ్తే చీకటిపడ్డాకే బిడ్డను చూస్తుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల సెలవు ఇచ్చింది. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లిరావచ్చని చెప్పింది. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు అంతకుముందు నుంచే ఉన్నాయి. ఇవి యజమాని దయ కాదు, తల్లి హక్కు. అడిగి తీసుకోవాల్సినవే.

తర్వాతి సంగతి తిండి. పాలిచ్చే తొలి ఆరు నెలలు తల్లికి రోజుకు 600 కిలోక్యాలరీలు అదనంగా కావాలన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పథ్యం పేరుతో పప్పు, కూరలు, నీళ్లు కూడా తగ్గించడం ఈ లెక్కకు పూర్తిగా ఎదురు. ఈ నేల పండించే రాగులు, చెనిక్కాయలే మంచి ఆధారం. 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం, అంతే చెనిక్కాయల్లో సుమారు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. సంగటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు, ఒక జామకాయ లేదా ఉసిరికాయ ఉంటే కొలాజెన్ తయారీకి కావలసిన ప్రొటీన్, సి విటమిన్ అందుతాయి. కాన్పు బరువును ఉపవాసాలతో ఒక్కసారిగా దించుకోకూడదు. కొవ్వు వేగంగా కరిగితే ముందుగా ఖాళీ అయ్యే చోట్లలో రొమ్ము ఒకటి. వారానికి అరకిలోకు మించకుండా తగ్గితే మంచిది. తగ్గడం, పెరగడం, మళ్లీ తగ్గడం చర్మాన్ని మరింత సడలిస్తుంది.

వ్యాయామం రొమ్మును బిగించదు. దాని కింది ఛాతీ కండరాన్ని, వెనక వీపు కండరాలను బలపరుస్తుంది. అంతమాత్రానికే రూపంలో తేడా కనిపిస్తుంది. పట్టు ఈ ప్రాంతపు స్త్రీల శ్రమ మీదే నడుస్తుంది: పెనుకొండ, హిందూపురం వైపు మల్బరీ ఆకు కోయడం, పురుగుకు మేత వేయడం, ధర్మవరంలో మగ్గం పని. అన్నీ ముందుకు వంగి చేసేవే. భుజాలు ముందుకు ముడుచుకుంటే రొమ్ములు ఉన్నదానికంటే ఎక్కువ జారినట్టు కనిపిస్తాయి. గంటకొకసారి లేచి, చేతులు వెనక్కి కలిపి ఛాతీ విప్పి నిలబడాలి. గోడకు చేతి దూరంలో నిలబడి, అరచేతులు భుజాల ఎత్తున ఆనించి, మోచేతులు మడుస్తూ ఛాతీని గోడ దగ్గరికి తెచ్చి వెనక్కి నెట్టుకోవాలి. పదిసార్లు చొప్పున రెండు మూడు విడతలు చేస్తే సరిపోతుంది. నీళ్లు నింపిన రెండు సీసాలతో చేతులు పక్కలకు చాపి దగ్గరికి తేవడం ఇంకొకటి. సిజేరియన్ అయినవారు ఆరు వారాలు ఆగి వైద్యుల సలహాతో మొదలుపెట్టాలి. బిడ్డకు పాలు పట్టాక చేస్తే బరువు ఉండదు. మితమైన వ్యాయామం వల్ల పాలు తగ్గవు.

నూనె మర్దన చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది, పొడిబారనివ్వదు, అలసిన తల్లికి హాయినిస్తుంది. ఆ మేలు చిన్నది కాదు. కానీ ఏ నూనె, ఏ లేపనం చర్మం దాటి కూపర్ బంధాలను బిగించలేదు. సాగిన చారలు కాలంతో పాలిపోతాయి గానీ పూర్తిగా చెరిగిపోవు. రొమ్ము బిగువు పెంచుతామనే మందుల ప్రకటనల విషయంలో 1954 నాటి ఔషధాలు, మంత్ర చికిత్సల చట్టం సూటిగా ఉంది. స్త్రీ రొమ్ముల ఆకారం, నిర్మాణం ఆ చట్టం షెడ్యూల్‌లోనే ఉన్నాయి. వాటిని మందుతో సరిచేస్తామని ప్రకటించడం నేరం. మొదటిసారి రుజువైతే ఆరు నెలల దాకా జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు. హార్మోన్లు కలిసిన క్రీములు పాలిచ్చే తల్లికి అసలే తగవు.

జారిన రొమ్మును నిజంగా పైకెత్తగలిగేది శస్త్రచికిత్స ఒక్కటే. అదనపు చర్మాన్ని తీసి, చనుమొనను పైకి జరిపి కుడతారు. మచ్చలు మిగులుతాయి, ఖర్చు ఎక్కువ, మళ్లీ గర్భం వస్తే ఫలితం చెదురుతుంది. పిల్లలు చాలనుకున్నాక, పాలు మాన్పించి కనీసం ఆరు నెలలు గడిచాకే దాని గురించి ఆలోచించాలి. అది అవసరం కాదు, ఇష్టం. బిడ్డను మోసి, పెంచిన శరీరంలో మార్పు రావడం జబ్బు కాదు.

జబ్బు గుర్తులు వేరు. పాలు మాన్పించాక తగ్గని గడ్డ, చనుమొన నుంచి రక్తం, కొత్తగా లోపలికి లాగినట్టున్న చనుమొన, నారింజ తొక్కలా గుంటలు పడ్డ చర్మం, మందులకు తగ్గని ఎరుపు, చంకలో గడ్డ: వీటిలో ఏది కనిపించినా ఆగకూడదు. గ్రామంలో ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎంకో చెప్పి హిందూపురం జిల్లా ఆసుపత్రికో, ధర్మవరం దగ్గర బత్తలపల్లిలోని ఆర్‌డీటీ ఆసుపత్రికో వెళ్లాలి. పాలిచ్చే రోజుల్లో వచ్చే గడ్డలు ఎక్కువగా పాలవే. అయినా రెండు వారాల్లో కరగని గడ్డను చూపించి తీరాలి. నెలకొకసారి స్నానానికి ముందు నూనె రాసుకునేటప్పుడు వేళ్లతో చుట్టూ తడిమి చూసుకుంటే తన రొమ్ము తీరు తల్లికి తెలిసి ఉంటుంది, కొత్త మార్పు వెంటనే చేతికి తగులుతుంది. జారడం గురించి అడగనివ్వని సిగ్గే గడ్డ గురించీ అడగనివ్వదు. మొదటి ప్రశ్న నోరు తెరిచి అడిగిన తల్లికి రెండోది అడగడం కష్టం కాదు.