ఆముక్తమాల్యదలో మనము చదువని పద్యము

మన సభలలో శ్రీకృష్ణదేవరాయలను స్మరింపని ఉపన్యాసము అరుదు. ఆముక్తమాల్యదావతారికలోని తెలుగుభాషా ప్రశస్తి పద్యమును వక్త చదువును. ఆయన మనవాడే యని మనము సంతసింతుము. కాని దాని ప్రక్కనే ఆంధ్రవిష్ణువు తాను తెలుగురాయడనని చెప్పుకొనుచు, కృష్ణరాయలను కన్నడరాయా యని సంబోధించిన పద్యము గలదు. దానిని వక్తలు విడిచిపెట్టుదురు. అభిమానము ఎంత గొప్పదైనను, ఇట్టి పఠనము విమర్శ కాజాలదు.

విజయనగర స్థాపనమును గూర్చి హీరాస్ పండితుడు 1929లో హొయసలుల పక్షమునను, నేలటూరి వేంకటరమణయ్యగారు 1933లో తెలుగువారి పక్షమునను వాదించిరి. ఆ చర్చకు భాషారాష్ట్రోద్యమముల వేడి తగులక పోలేదు. 1953లో హంపీ మైసూరు రాష్ట్రమున చేరినది.

రాయల కాలమున ఆ సరిహద్దు లేదు. శక 1430 నాటి ఆయన హంపీశాసనము సంస్కృత కన్నడములలో నున్నది, కావ్యము తెలుగు, అందలి కథానాయిక తమిళదేశపు గోదాదేవి.

కన్నడ, తమిళ సీమలలో తరతరములుగా నివసించుచున్న మనకు ఇది ముఖ్యవిషయము. పొరుగు కన్నడిగుడు రాయలు మావాడన్నచో కలహింప నక్కరలేదు. మన కావ్యమే అతనికి సాక్ష్యము. మన బిడ్డలకు ఆ రెండు పద్యములను కలిపియే నేర్పుదము.