దిగివచ్చిన వైమానికుడి సాక్ష్యం

యుద్ధ సాహిత్యంలో పదాతి సైనికుడు బురదలో ఉంటాడు. వైమానికుడు ఆకాశంలో ఉంటాడు. తాను చంపుతున్నవాళ్ల ముఖాలు చూడనక్కరలేని సైనికుడతను. పాఠకుడికి అతని మీద ఉండే మోజుకు ఇది ముఖ్య కారణం అనుకుంటాను. అతను విమానం ఎక్కే కథలు కోకొల్లలు. దిగి, యూనిఫాం విప్పి, ఇంటికి పోయాక ఏమయ్యాడన్న రచనలు మాత్రం తక్కువ. ఉన్న కొద్దిపాటిలో కూడా రచయితలూ, విమర్శకులూ, మన శిబిరంలోని వాళ్లతో సహా, అతన్ని మనిషిగా చూడటానికి బదులు ప్రతీకగా వాడుకున్నారని నా ఫిర్యాదు.

క్లాడ్ ఈథర్లీ విషయంలో జరిగింది ఇదే. టెక్సాస్ రాష్ట్రపు మనిషి, 1918లో పుట్టాడు. అమెరికా సైనిక వైమానిక దళంలో మేజర్. 1945 ఆగస్టు 6 ఉదయం మూడు బి-29 విమానాలు మూడు జపాన్ నగరాల మీద ఆకాశం ఎలా ఉందో చూసి రావటానికి వెళ్లాయి. హిరోషిమా మీదికి వెళ్లిన 'స్ట్రెయిట్ ఫ్లష్'కి కమాండర్ ఈథర్లీ. మొదటి గురి హిరోషిమా. అక్కడ మబ్బు పట్టి ఉంటే కొకురా గాని, నాగసాకి గాని. అతని విమానం ఆకాశం అనుకూలంగానే ఉందని రేడియోలో కబురు పంపి వెనక్కి తిరిగింది. సుమారు గంట తర్వాత, 8.15కి, పాల్ టిబెట్స్ నడిపిన 'ఎనోలా గే' బాంబు వదిలింది. ఈథర్లీ బాంబు వెయ్యలేదు, వేసినప్పుడు అక్కడ లేడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అతని గురించి రాసినవాళ్లలో చాలామంది గుర్తుంచుకోలేదు.

1947లో అతను సైన్యం నుంచి బయటికొచ్చాడు. ఆ తర్వాత దొంగ చెక్కులు, పోస్టాఫీసుల్లో దొంగతనాలు, అరెస్టులు, వేకో పట్టణంలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో మానసిక చికిత్స. 1957లో ఈ కథ పత్రికలకెక్కింది. 1959లో ఆస్ట్రియాలో ఉంటున్న తత్వవేత్త గుంటర్ ఆండర్స్ ఆ ఆసుపత్రికి ఉత్తరం రాశాడు. ఇద్దరి మధ్యా నడిచిన ఉత్తరాలు 1961లో పుస్తకంగా వచ్చాయి. ఇంగ్లీషులో దాని పేరు 'బర్నింగ్ కాన్షన్స్'. బెర్ట్రాండ్ రస్సెల్, రాబర్ట్ యూంక్ ఇద్దరూ ముందుమాటలు రాశారు. శాంతి ఉద్యమం ఈథర్లీని గుండెకు హత్తుకుంది. హిరోషిమాను భరించలేక సైన్యం వదిలి, పిచ్చివాడై, శిక్ష కోసం దొంగతనాలు చేసిన వీరుడిగా అతను ప్రచారమయ్యాడు.

మన సంఘం 1943లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, తెనాలిలో పుట్టింది. హిరోషిమా పేరు వినగానే మనకు ఆవేశం రావటంలో వింత లేదు. ఆ ఆవేశం దస్తావేజు చదవటానికి అడ్డు రాకూడదు.

దస్తావేజు చదివినవాడు విలియం బ్రాడ్‌ఫర్డ్ హ్యూయీ. 1964లో 'ది హిరోషిమా పైలట్' అనే పుస్తకం అచ్చువేసి ఈథర్లీ కథను చీల్చి చెండాడాడు. అంతరాత్మ బాధపెట్టి సైన్యం వదలలేదు, వాతావరణ శాస్త్ర కోర్సు పరీక్షలో మోసం చేసి పట్టుబడితే పంపించేశారన్నాడు. పశ్చాత్తాపం తర్వాత అతికించిన రంగు, పత్రికలూ శాంతివాదులూ కలిసి తయారుచేసిన బొమ్మ అన్నాడు. హ్యూయీ చిన్న రచయిత కాడు. అంతర్యుద్ధం తర్వాత పారిపోయిన నేరానికి అమెరికా కాల్చి చంపిన ఒకే ఒక్క సైనికుడు ఎడ్డీ స్లోవిక్ మీద 1954లో పుస్తకం రాసినవాడు. సైన్యం దాచిన సంగతిని బయటపెట్టిన ఆ చేత్తోనే, పదేళ్ల తర్వాత, సైన్యం పంపేసిన మనిషిని ముద్దాయిని చేశాడు.

అప్పుడు మన వైపువాళ్లు చేసిన పని ఏమిటి? చాలామంది మౌనంగా ఊరుకున్నారు. కొందరు హ్యూయీ మీద ఎదురుదాడికి దిగారు. పరీక్ష సంగతి అబద్ధమని రుజువు చెయ్యటానికి తంటాలు పడినవాళ్లూ, అది నిజమైతే ఈథర్లీని వదిలెయ్యాలేమోనని కంగారుపడినవాళ్లూ, ఇద్దరూ హ్యూయీ వేసిన గిరిలోనే నిలబడ్డారు. ఆ గిరి ఇది: మనిషి బయటికొచ్చిన కారణం పవిత్రమైతేనే అతని మాటకు విలువ.

నేను దీన్ని ఒప్పుకోను. హైస్కూల్లో పరీక్షలకు కాపలా కాయటం నా ఉద్యోగంలో భాగం. చీటీతో పట్టుబడిన కుర్రవాణ్ణి గది బయటికి పంపుతాను. అంతమాత్రాన వాడికి తండ్రి పోతే ఏడ్చే హక్కు లేదనను. పైగా ఇందులో ఉన్న వ్యంగ్యాన్ని హ్యూయీ గాని, ఆండర్స్ గాని పట్టించుకోలేదు. ఒక నగరం మీద వాతావరణం బాగుందని చెప్పటానికి ఈ మనిషిని పంపిన సైన్యమే, వాతావరణ శాస్త్రం పరీక్షలో తప్పు చేశాడని ఇంటికి పంపింది. మొదటి పనికి అతన్ని ఏ న్యాయస్థానమూ ప్రశ్నించలేదు. రెండో పనికి ఉద్యోగం పోయింది. హ్యూయీ బయటపెట్టిన వాస్తవం ఈథర్లీ సాక్ష్యాన్ని పడగొట్టదు. ఏది నేరం, ఏది కాదు అని సైన్యం లెక్క కట్టే పద్ధతిని అది నిలువునా చూపిస్తుంది. అభ్యుదయ విమర్శ ఆ వాస్తవాన్ని దాచకుండా ఎత్తి పట్టుకోవలసింది.

ఆ 1961లోనే జోసెఫ్ హెల్లర్ నవల 'క్యాచ్-22' వచ్చింది. హెల్లర్ ఇటలీ రంగంలో 60 దాడుల్లో పాల్గొన్నాడు. పైలట్‌గా కాదు, బాంబులు వదిలేవాడిగా. ఆ నవలలోని నిబంధన విద్యార్థులకు తెలిసిందే. పిచ్చివాణ్ణి విమానం ఎక్కించకూడదు, కాని ఎక్కనని అడిగినవాడికి బుద్ధి ఉన్నట్టే లెక్క, కనుక ఎక్కాలి. ఈ నవలను హాస్యానికి మెచ్చుకుని వదిలేస్తుంటాం. దాన్ని ఈథర్లీ ఉత్తరాల పక్కన పెట్టి చదివితే హాస్యం ఆగిపోతుంది. 1961 జనవరిలో వేకోలో జరిగిన విచారణలో జ్యూరీ ఈథర్లీని మానసిక రోగి అని తేల్చింది. హెల్లర్ నిబంధనకు ఇది రెండో భాగం. సైన్యంలో ఉండగా వద్దన్నవాడు తెలివైనవాడు, కనుక ఎగరాలి. సైన్యం వదిలాక నాది తప్పు అన్నవాడు పిచ్చివాడు, కనుక తప్పేమీ జరగలేదు. రెండు భాగాలూ కలిస్తేగాని యంత్రం తిరగదు. నవలాకారుడు ఊహతో కట్టింది మొదటి భాగం. రెండో దాన్ని ప్రభుత్వమే రాసుకుంది.

నవలలో ఆ నిబంధనకు ఉదాహరణగా నిలిచిన పైలట్ ఓర్. ఎక్కిన ప్రతిసారీ విమానం కూల్చుకుంటూ ఉంటాడు. అందరూ అసమర్థుడనుకుంటారు. చివరికి అతను చిన్న పడవ మీద స్వీడన్ చేరాడని తెలుస్తుంది. అన్ని ప్రమాదాలూ తప్పించుకుపోవటానికి చేసిన సాధన అన్నమాట. ఇది గొప్ప కల్పన, అయితే కల్పనే. ఓర్ స్వీడన్‌లో పొద్దున్నే లేచి ఏం చేస్తాడో హెల్లర్ చెప్పడు.

సోవియట్ సాహిత్యం వైపు చూస్తే అక్కడా ఇదే లోటు మరో రూపంలో ఉంది. మన పెద్దలు ఎంతో ఇష్టంగా చెప్పుకునే బోరిస్ పొలెవోయ్ నవల 'నిజమైన మనిషి కథ' 1946లో వచ్చింది. మూలపురుషుడు అలెక్సీ మరేస్యెవ్. 1942లో విమానం కూలి, మంచులో 18 రోజులు పాకి, రెండు కాళ్లూ తీయించుకుని, 1943లో కొయ్యకాళ్లతో మళ్లీ యుద్ధ విమానం నడిపాడు. నవల బలమంతా తిరిగి ఎక్కటంలో ఉంది. అది నిజమైన బలమే, ఫాసిజం మీద యుద్ధంలో ఆ ఎక్కటానికి అర్థం ఉంది. మరేస్యెవ్ 1946లో సైన్యం నుంచి తప్పుకుని 2001 దాకా బతికాడు. ఎగరటమే జీవితంగా మళ్లీ సంపాదించుకున్న మనిషి ఎగరటం మానేసి బతికిన ఆ 55 ఏళ్లు నవలలకు పనికిరాలేదు.

మళ్లీ ఉత్తరాల దగ్గరికి వస్తాను. ఆండర్స్ మీద నాకు గౌరవం ఉంది. మనం తయారు చెయ్యగలిగిన దానికీ, ఊహించగలిగిన దానికీ మధ్య అగాధం పెరిగిందనీ, ఈ యంత్ర యుగంలో మనిషి తెలియకుండానే ఘోరంలో మర అయిపోతాడనీ అతను చెప్పింది ఈనాటికీ పనికొచ్చే ఆలోచన. ఆజ్ఞ పాటించానని తప్పుకున్న ఐక్‌మన్‌కు ఎదురుగా ఈథర్లీని నిలబెట్టటం కూడా న్యాయమైన పనే. కాని ఉత్తరాలు రచనగా చదివితే ఒక ఇబ్బంది కనిపిస్తుంది. తత్వవేత్త మొదటి ఉత్తరంలోనే రోగికి అతని రోగం పేరు చెప్పేశాడు. ఆ తర్వాత ఈథర్లీ రాసినదాంట్లో ఏది అతని మాటో, ఏది ఆండర్స్ అందించిన మాటో విడదీయటం కష్టం. ఉపాధ్యాయుణ్ణి కనుక ఈ జబ్బు నాకు తెలుసు. జవాబు ముందే చెప్పి ప్రశ్న అడిగితే పిల్లవాడు మనకు నచ్చిన జవాబే రాస్తాడు. వాడికి తెలియదని కాదు, వాడికి తెలిసింది మనకు తెలియకుండా పోతుంది. హ్యూయీకి ఈథర్లీ అబద్ధాలకోరుగా కావాలి, ఆండర్స్‌కు నిదర్శనంగా కావాలి. 1967లో రానీ డగ్గర్ 'డార్క్ స్టార్' రాసి ఈ రెంటికీ మధ్య మనిషిని వెతికాడు. మూడింటిలో తక్కువమంది చెప్పుకునే పుస్తకం అదే.

ఆ సంపుటిలో నన్ను కదిలించినవి ఆండర్స్ ఉత్తరాలు కావు. హిరోషిమా నుంచి 30 మంది అమ్మాయిలు 1959లో ఈథర్లీకి రాసిన ఉత్తరం. నువ్వూ మాలాగే యుద్ధం దెబ్బ తిన్నవాడివే, నీ మీద మాకు పగ లేదు అని దాని సారాంశం. వాళ్లు అతను బాంబు వేశాడా లేదా అని తగువు పడలేదు, ఏ కారణంతో సైన్యం పంపిందని అడగలేదు. సిద్ధాంతం చెప్పకుండా రాసిన ఆ నాలుగు మాటల ముందు రెండు పక్షాల పాండిత్యమూ వెలవెలపోతుంది. టిబెట్స్ 1966లో బ్రిగేడియర్ జనరల్‌గా గౌరవంగా రిటైరై, చేసినదానికి చింత లేదని 2007లో చనిపోయేదాకా చెప్పాడు. అతనికి అలాంటి ఉత్తరం రాయటానికి ఎవరికైనా చోటు ఎక్కడుంది?

ఈథర్లీ 1978లో హ్యూస్టన్‌లో కాన్సర్‌తో పోయాడు. ఉత్తరాల్లో ఉన్నది 1959 తర్వాతి మనిషి. పత్రికల్లో ఉన్నది 1957 నాటి మనిషి. మధ్యలో ఎవరూ సరిగా రాయనిది 1947 నుంచి 1957 దాకా పదేళ్లు. ఇరవై తొమ్మిదేళ్ల వయసు, నాలుగు ఇంజన్ల విమానం నడపటం తప్ప మరో విద్య చేతిలో లేదు, భార్య ఉంది, పిల్లలున్నారు, ఊళ్లో అడిగేవాళ్లకు ఏం చెప్పాలో తెలియదు. కథకులెవరైనా పూనుకుంటే వాళ్లను నేను కోరేది ఒకటే. హిరోషిమా మంటల దృశ్యంతో మొదలుపెట్టకండి. ఆ మంటలు అతను చూడలేదు. అతను చూసింది మబ్బుల మధ్య తెరిపి.