పురుషోత్తమ చౌధరి కృతులలో విశ్వాసహేతువు

తాను నమ్మిన మతమునకు హేతువేమని యడిగినచో నొకఁడు రెండువిధముల నుత్తరము చెప్పవచ్చును. ఇతరమతములు నిలువవని చూపుట యొకటి. తన మతము తనయందేమి చేసినదో చెప్పుట వేఱొకటి. ఈ రెంటికిఁ గల భేదము పురుషోత్తమ చౌధరి (1803–1890) కృతులందు స్పష్టముగాఁ గానవచ్చును.

బ్రాహ్మణకుటుంబమునఁ బుట్టి, 1833వ సంవత్సరమునఁ గటకమున బాప్తిస్మము పొందిన యీ కవి నిస్తారరత్నాకరము, కులాచారపరీక్ష మున్నగు గ్రంథములను, పెక్కు కీర్తనములను రచించెను. గోదావరీమండలమునఁ గ్రైస్తవప్రచారము వేఱుగ నారంభమైనది. బౌడెను, బీరు అను నాంగ్లేయులు 1836లో నీ దేశమునకు వచ్చి, పిమ్మట నరసాపురమును గేంద్రముగాఁ జేసికొనిరి. అయినను నిడదవోలునుండి నరసాపురమువఱకుఁ గల గ్రామములందలి క్రైస్తవసంఘములకు నేఁటికిని జౌధరి కీర్తనములే కంఠస్థములు. పరీక్షాగ్రంథములు పండితుల బీరువాలలో నిలిచినవి; కీర్తనములు జనుల నోట నిలిచినవి. దీనికిఁ గారణము విచారింపఁదగియున్నది.

స్వపక్షమును స్థాపింపక పరపక్షమును మాత్రము ఖండించు వాదమునకు నైయాయికులు వితండ యని పేరిడిరి. పందొమ్మిదవ శతాబ్దమునఁ బుట్టిన మతఖండనగ్రంథములలోఁ బెక్కింటి కీ దోషము తప్పలేదు. పరమతము దుష్టమని నిరూపించినంతమాత్రమున స్వమతము సత్యమని సిద్ధింపదు. పేతురు మొదటి పత్రిక (3:15) విశ్వాసి కోరుచున్నదియుఁ బరఖండనము గాదు. తనయందలి నిరీక్షణకు హేతువును వినయముతోఁ జెప్పుమనియే.

కీర్తనములలోఁ బ్రతివాది లేఁడు. పాపినని యొప్పుకొను జీవుఁడు, శరణమిచ్చు ప్రభువు, ఈ యిరువురే కలరు. పల్లవి మరలిమరలి వచ్చుచుండఁగాఁ బాడువాఁడు కవి చెప్పిన "నేను" అను మాటను దన మాటగాఁ జేసికొనును. హేతువును విని యొప్పుకొనుట కాక, తనయందే పరీక్షించుకొనుట యిచటి పద్ధతి.

అయిన నొక యాక్షేపము గలదు. ఆత్మనింద, శరణాగతి ధూర్జటి శతకమునను, రామదాసు కీర్తనములందును గలవు. పరపక్షమునందుఁ గూడ నుండు హేతు వనైకాంతికమే కదా! ఈ యాక్షేపము బలవత్తరమైనది. ఆర్తిని మాత్రమే చూపి దీనిని ద్రోయరాదు. చౌధరి కీర్తనములకు విశేషము శరణు వేఁడు తీరులో లేదు. వేఁడుట కాధారమైన సిలువయందుఁ గలదు. రక్షకుఁడే పాపికొఱకు మరణించెననుచో, ఆ సిలువయెదుట నే మానవునికిని జెప్పుకొనఁదగిన యర్హత మిగులదు. పుణ్యము మిగులదు, విద్య మిగులదు, జన్మమును మిగులదు.

ఈ వెలుఁగునఁ గులాచారపరీక్షను మరలఁ జదువవలెను. అప్పు డది వితండగాఁ దోఁపదు. జన్మచే నర్హత లేదనుట కీర్తనమునందలి స్వపక్షమునుండియే ఫలించిన సిద్ధాంతము. బ్రాహ్మణపాఠకునకు ఖండనముగాఁ దోఁచు నీ మాటయే, బావికడ నీరు ముట్టనియ్యఁబడని డెల్టాకూలికి మండనము. "వారు లాభాపేక్షచేఁ జేరిరి" అనుట వినవచ్చుచుండును. మనుష్యుఁడుగా నెంచఁబడుట నొక లాభముగాఁ జెప్పవచ్చునేమో కాని, అది విశ్వాసమునకు వెలుపలి హేతువు మాత్రము గాదు.

అయితే హేతువు బాధితము గాకుండుట స్వపక్షము వారి భారము. క్రైస్తవకుటుంబమునఁ బుట్టిన గుఱ్ఱం జాషువ (1895–1971) కులమువలనఁ బడిన యవమానములు సుప్రసిద్ధములు. లోకము బాప్తిస్మమును లెక్కసేయకుండుట లోకముయొక్క దోషము. సంఘములోపలనే కులమునుబట్టి వియ్యములు సాగుచున్నచో నది యన్యుల దోషము గాదు. ప్రత్యక్షము హేతువును బాధించుటయే. చౌధరి చెప్పిన హేతువు గ్రంథమున సిద్ధించినది. దానిని లోకమున సిద్ధింపఁజేయవలసినవా రా కీర్తనములను బాడువారే.